దుకాణం సామాను

"నీళ్ళు ఎన్ని తాగిన్రు?"

దుకాణం మెట్టు ఎక్కుతూనే అక్షర అడిగిన మొదటి మాట అది. మెడలో స్కూలు ఐడీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. చేతిలో అత్తగారి టిఫిన్ డబ్బా.

గల్లా వెనక కూర్చున్న కమల కోడలి వంక చూడలేదు. కందిపప్పు పొట్లానికి దారం చుడుతూ, "తాగిన" అంది.

"ఎన్ని?"

"తాగిన అన్న గదా."

బల్ల మీద రెండు లీటర్ల సీసా పొద్దున పెట్టిన చోటే ఉంది. మెడ దాకా నీళ్ళు అలాగే ఉన్నాయి.

"అత్తమ్మా, సీస నిండుగనే ఉన్నది."

"మళ్ల నింపిన."

"యాడికెళ్లి నింపిన్రు? దుకాణంల నల్లా యాడున్నది?"

పప్పు కొనడానికి వచ్చిన మనిషికి కమల పొట్లం అందించింది. ఆయన చిల్లర కోసం నిలబడ్డాడు గాని, అత్తాకోడళ్ళ మొహాలు చూసి అడగకుండా పక్కకు తిరిగి అగరుబత్తీల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. కమలే పిలిచి చిల్లర ఇచ్చింది.

"అందరి ముందట అడగకు" అంది ఆయన వెళ్ళాక.

"ఇంట్ల అడిగితె నిద్రొస్తున్నదంటరు. ఆటోల అడిగితె కడుపుల తిప్పుతున్నదంటరు. ఇంక యాడ అడగాలె?"

నిన్న మధ్యాహ్నం నుంచి ఆ కుటుంబంలో మాటలన్నీ ఇలాగే నడుస్తున్నాయి. నిన్న కమలకు కీమో మందు ఎక్కించాల్సిన రోజు. గర్భసంచి ముఖద్వారం దగ్గర గడ్డ. దానికి ఒక పక్క రేడియేషన్, మరో పక్క వారానికోసారి ఈ మందు. మూడు వారాలు సజావుగా సాగింది. గడ్డ తగ్గుతోందని డాక్టరమ్మ నవ్వుతూ చెప్పింది. ఆ తర్వాత రక్తపరీక్ష కాగితం తిప్పి చూసి నవ్వు ఆపేసింది.

"క్రియాటినిన్ పెరిగింది. అంటే కిడ్నీలు కష్టపడుతున్నాయి. స్కానింగులో మూత్రం దారికి అడ్డం ఏమీ లేదు, అదొక్కటి మంచి కబురు" అంది. "ఈ మందు గడ్డ మీద బాగా పనిచేస్తుంది కాని, ఒంట్లోంచి పోయేది కిడ్నీల గుండానే. పోతూ పోతూ వాటిని గీరుకుంటూ పోతుంది. అందుకే మందుకు ముందూ వెనకా మేం సెలైన్ పెడతాం, ఇంటి దగ్గర మీరు నీళ్ళు తాగాలి. ఇవాళ మందు ఎక్కించను. గురువారం మళ్ళీ పరీక్ష చేద్దాం. తగ్గితే సాగిస్తాం. తగ్గకపోతే ఈ మందు ఆపేయాల్సిందే."

ఆపేస్తే ఏమవుతుందని కమల భర్త కాశీనాథ్ అడగబోయి ఊరుకున్నాడు.

"వేరే మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే, "ఏం లేవు తల్లీ" అంది కమల.

అంతే. ఆటో ఎక్కినప్పటి నుంచి దోషి ఎవరో తేల్చే పని మొదలైంది. ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జిగా ఉన్న కొడుకు వరుణ్, తప్పంతా బోరు నీళ్ళదేనని తీర్మానించి, ఫోన్లోనే ఫిల్టరు నీళ్ళ డబ్బాలు మాట్లాడాడు. కాశీనాథ్ అయితే, పులుపు పడదని ఎవరో చెప్పారని వంటింట్లోంచి చింతపండు ఎత్తేశాడు. చారు లేని అన్నం చూసి కమల కంచం వెనక్కి నెట్టింది. అక్షర మాత్రం లెక్కల టీచరు. ఆమెకు సీసాలో తగ్గని నీళ్ళు తప్ప వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"ఒక్క గ్లాసు తాగుండ్రి. నా ముందట."

"దూప లేదు."

"దూపకు కాదు అత్తమ్మా, కిడ్నీలకు."

"ఇన్నేండ్లు గట్లనే ఉన్న. కిడ్నీలకు ఏమన్న అయిందా?"

ఆ మాటలో అబద్ధం లేదు. ఇంద్రేశం రోడ్డు మీద ఈ కిరాణా పెట్టినప్పుడు చుట్టూ జొన్నచేలు. ఇప్పుడు ప్లాట్లు, కిరాయి గదులు, ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడే ఒడిశా, బీహారు పిల్లలు. అన్నీ మారాయి గాని దుకాణానికి బాత్రూం మాత్రం రాలేదు. కాశీనాథ్ సరుకు కోసం పటాన్‌చెరు, సంగారెడ్డి తిరుగుతుంటే గల్లా మీద ఉన్నది కమలే. బీరంగూడలో ఇంటికి పోయి రావాలంటే షట్టరు దించాలి. అందుకని ఆమె దాహాన్నే దించేసింది. పొద్దున బయలుదేరేముందు ఒక గుక్క, అన్నంలో ఒక గుక్క. దాన్ని ఆమె ఎప్పుడూ కష్టమనుకోలేదు. దుకాణం నడపడమంటే అదే అనుకుంది.

"గప్పుడు గీ మందు ఎక్కియ్యలే గదా" అంది అక్షర, ఎన్నోసారో.

"తాగుత. తాగినంక యాడికి పోవాలె?"

అక్షర గోడ వైపు చూపించింది. క్యాలెండరు మేకుకు ఎర్ర దారంతో ఒక తాళంచెవి వేలాడుతోంది. ఎదురు వరసలో బట్టలు కుట్టే జయశీల దుకాణం వెనక బాత్రూం ఉంది. కమల జబ్బు సంగతి తెలిసిన మర్నాడు జయశీల వచ్చి, సబ్బు కొనుక్కుని, పోతూ పోతూ ఆ చెవిని మేకుకు తగిలించి వెళ్ళింది. ఒక్క మాట మాట్లాడలేదు. కమల కూడా దాన్ని ఒక్కసారి ముట్టుకోలేదు.

"చెవి పట్టుకొని రోడ్డు దాటాల్నా? బస్సు కాడ గంతమంది మొగోళ్ళు. సేటమ్మ యాడికి పోతున్నదో ఊరంత ఎరుకైతది."

"ఊరు గూడ పోతది అత్తమ్మా. ఊరికి గూడ బాత్రూంలున్నయి."

కమలకు నవ్వొచ్చింది. కాని కోడలు గెలిచినట్టవుతుందని మూతి బిగించింది.

కాశీనాథ్ మోపెడ్ మీద జీలకర్ర సంచీ, బెల్లం దిమ్మలు వేసుకుని వచ్చింది అప్పుడే. లోపలికి రాగానే సంగతి అర్థమైపోయింది. సంచీ దించి, చేతులు తుడుచుకుని, సీసాలోంచి స్టీలు గ్లాసులోకి నీళ్ళు వంచాడు. అంచుదాకా నిండాక భార్య ముందు పెట్టి, "లాభం" అన్నాడు.

ధాన్యం కొలిచినా పప్పు కొలిచినా ఆయన మొదటి కొలతను ఒకటి అనడు. లాభం అంటాడు. తర్వాతే రెండు, మూడు. వాళ్ళ నాన్న అలాగే అనేవాడు. ఆస్పత్రి తిరుగుళ్ళు మొదలైనప్పటి నుంచి నీళ్ళ గ్లాసులనూ అలాగే లెక్కిస్తున్నాడు.

"లాభం, లాభం! నేను నీళ్ళు తాగితె మీకేం మిగుల్తది?" అంది కమల విసుగ్గా.

"నువ్వు మిగుల్తవ్" అన్నాడు ఆయన.

కమల గ్లాసు తీసుకుని రెండు గుక్కలు తాగి కింద పెట్టింది. ఇద్దరికీ ఏదో ఉపకారం చేసినట్టు పెట్టింది.

"ఇంక తాగు."

"మీరు ఊకోండ్రి. నిన్న రాత్రి మీరు చేసిన పనికి అసలు మాట్లాడొద్దు మీతోని."

"నేనేం చేసిన?"

"నూనె కొలత తెస్తరా ఇంటికి? గా పనికి?"

అక్షర మొహం పక్కకు తిప్పుకుంది. మూత్రం ఎంత పోతోందో కొలవమని డాక్టరమ్మ చెప్పింది. కాశీనాథ్ ఎంతో ఆలోచించి, దుకాణంలోని లీటరు నూనె కొలతను కడిగి తుడిచి ఇంటికి తీసుకుపోయాడు.

"లీటరంటె లీటరే ఉంటది గందుల. తేడ రాదు" అన్నాడు ఇప్పుడు కూడా, సమర్థించుకుంటూ.

"లచ్చిమిని కొలిచే కొలత! మీ నాయిన పటం ముందట పెట్టి పసుపు పెట్టిన కొలత!"

"కొత్త ప్లాస్టిక్ మగ్గు తెచ్చిన గదా మళ్ల."

"అది యాడున్నది మరి? పొద్దుగాల నేను చూస్తె బాత్రూంల లేదు" అంది అక్షర.

కమల బెల్లం దిమ్మల మీది ఈగను తోలింది. మగ్గు దాచింది ఎవరో మిగతా ఇద్దరికీ అర్థమైంది.

"వామ్మో" అంది అక్షర నుదురు పట్టుకుని. "ఎల్లుండి రక్తం ఇయ్యాలె. నంబరు తగ్గకపోతె మందు ఆపేస్తరు. గడ్డ కరుగుతున్నది, సగంల ఆపేస్తరు. మీకెవ్వరికి బుగులు లేదా? నాకొక్కదానికేనా?"

కాశీనాథ్ సంచీ విప్పి జీలకర్ర తూచడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగకపోయినా.

జయశీల చాయ్ పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. కమలకు పాల వాసన పడటం లేదని ఆమె గ్లాసులో మాత్రం పాలు లేకుండా అల్లం వేసింది. ఎవరికీ అది చెప్పలేదు. రంగు చూస్తే తెలిసింది.

"కొట్లాట అయిపోయిందా, నడుస్తున్నదా?" అంది.

"నడుస్తున్నది. కూసో" అంది కమల.

"నా చెవి మేకుకే ఉన్నది ఇంక. తుప్పు పడ్తదేమో అక్కా."

కమల సమాధానం చెప్పబోయి ఆగిపోయింది. నడుం మీద చెయ్యి వేసుకుంది. మొహంలో రంగు మారింది. నొప్పి వచ్చినప్పుడు ఆమె అరవదు, కింది పెదవి లోపలికి లాక్కుంటుంది. ముగ్గురూ అది చూశారు. చూడనట్టు ఉండటం కూడా ముగ్గురికీ అలవాటైంది.

ఆమె గల్లా పక్కనున్న బిస్కెట్ల రేకు డబ్బా దగ్గరికి లాక్కుంది. మూత తీసింది. లోపల తలనొప్పి గోలీలు, గ్యాస్ గోలీలు, ఒళ్ళు నొప్పుల గోలీలు, కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించిన అట్టలు. అందులోంచి పచ్చ అట్ట ముక్క ఒకటి తీసి, వేళ్ళు మొద్దుబారినందువల్ల పంటితో చింపి, గోలీ నోట్లో వేసుకుని, చాయ్ గుక్కతో మింగేసింది. పొట్లానికి దారం చుట్టినంత మామూలుగా చేసింది ఆ పని.

"అక్కా, ఏందది మింగినవ్?" అంది జయశీల.

"గోలి."

"ఏం గోలి?" అక్షర లేచి నిలబడింది.

"నొప్పి గోలి. పొద్దుమీకి దీపం పెట్టినంక ఏసుకుంటుంటి. ఇయ్యాల జల్దీ పట్టుకున్నది నడుము."

"డాక్టర్ ఇచ్చిందా?"

"డాక్టర్ ఎందుకిస్తది? మన డబ్బలదే."

అక్షర బల్ల మీద రెండు చేతులూ ఆన్చింది.

"నిన్న ఆమె అడిగింది. వేరే మందులేమన్న వాడుతున్నరా అని. నేను పక్కనే ఉన్న. మీరు ఏం లేవన్నరు."

"నిజమే గద. మందులేం లేవు."

"మరి ఇదేంది?"

"ఇది మందెట్లయితది? దుకాణం సామాను." కమల నిజంగానే ఆశ్చర్యపోయింది. "సబ్బు లెక్క, అగరుబత్తి లెక్క. మందైతె మెడికల్ షాపుల ఉంటది గాని నా గల్లా పక్కన ఎందుకుంటది?"

జయశీలకు నవ్వు వచ్చి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గీ వెల్డింగ్ పిల్లలు రోజూ కొంటపోతరు. గిన్నేండ్ల సంది ఇస్తున్న. ఒక్కనికన్న ఏమన్న అయిందా?"

"వాళ్ళకు కీమో ఎక్కిస్తున్నరా? చెప్పు! వాళ్ళకు కీమో ఎక్కిస్తున్నరా నువ్వు చెప్పు!"

నువ్వు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి అక్షర నోట అత్తగారికి మీరు తప్ప మరో మాట రాలేదు. ఇవాళ వచ్చింది. కాశీనాథ్ తలెత్తాడు. కమల తప్పు పట్టలేదు. ఆ పిలుపులో కోపం కంటే బెదురే ఎక్కువ వినిపించిందేమో.

అక్షర డబ్బా లాక్కుని చంకలో పెట్టుకుంది. రెండో చేత్తో ఫోన్ తీసి ఆస్పత్రి నంబరు నొక్కింది. ఎవరో తీసి, ఆగమన్నారు. ఇంకెవరో తీసి, మళ్ళీ ఆగమన్నారు. చివరికి డాక్టరమ్మే వచ్చింది. అందరూ వినేట్టు అక్షర స్పీకరు పెట్టింది. చప్పుడు లేకుండా ఉండాలని జయశీల లేచి ఫ్యాను ఆపేసింది.

"అట్ట మీద పేరు చదవండి" అంది డాక్టరమ్మ అంతా విని.

అక్షర చదివింది.

అవతల నిట్టూర్పు వినిపించింది.

"నేను అడిగాను కదమ్మా" అంది డాక్టరమ్మ. తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది. "ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీలకు వెళ్ళే రక్తాన్నే తగ్గిస్తాయి. ఒకవైపు మన మందు వాటిని దెబ్బతీస్తుంటే, ఇంకోవైపు ఇది రక్తం అందకుండా చేస్తోంది. పైగా నీళ్ళు తక్కువ. మామూలు మనిషికి ఒకటి వేసుకుంటే ఏమీ కాకపోవచ్చు. మీ అత్తగారికి ఒక్కటి కూడా వద్దు. నొప్పి ఉంటే మాకు చెప్పాలి, కిడ్నీలకు హాని లేనిది ఇస్తాం. నొప్పి ఓర్చుకోమని ఎవరన్నారు?"

కమల బల్ల అంచు వైపు చూస్తూ వింది. ఓర్చుకోమని ఎవరూ అనలేదు. అడగవచ్చని కూడా ఎవరూ చెప్పలేదు.

"రోజుకు ఎన్ని వేసుకుంటున్నారు?"

"ఒక్కటే తల్లీ" అంది కమల ఫోన్ వైపు వంగి. "పొద్దుమీకి ఒక్కటి. అది గూడ నడుము నిలబడనియ్యకుంటెనే."

"ఒకటే కదా? సరే. అయితే గురువారం దాకా చూద్దాం. ఇవాళ్టి నుంచి..."

"రెండు" అన్నాడు కాశీనాథ్.

ఆయన చేతిలో తక్కెడ ఇంకా ఉంది. ఒక పళ్ళెంలో జీలకర్ర, ఒక పళ్ళెంలో రాయి. రెండూ ఊగుతున్నాయి.

"ఏం రెండు?" అంది కమల.

"పొద్దుగాల ఒకటి. నేనిస్త."

ప్రతి ఉదయం ఆస్పత్రి గోలీలను అట్టల్లోంచి ఒలిచి, చిన్న స్టీలు గిన్నెలో వేసి భార్యకు అందించేది ఆయనే. ఆమె వేళ్ళు మొద్దుబారాయని, ఒలుచుకోలేదని. ఆ గిన్నెను ఎవరూ ఎన్నడూ లెక్కపెట్టలేదు.

"గిన్నెల కలిపి ఏస్త" అన్నాడు. "రెండో మందు ఎక్కినప్పటి సంది. పొద్దుగాల లేస్తునే మూలుగుతుంటివి. నీకు ఎరుక లేదు, నిద్రల మూలుగుతుంటివి. పక్కన పండుకొని ఇనలేకపోయిన."

"నాకు చెప్పలే."

"చెప్తె వద్దంటవని."

"నేనెందుకంట? నేను గూడ అదే మింగుతుంటి గదా!"

తానేమన్నదో, ఆ మాట అన్నాక గాని కమలకు తెలియలేదు.

"ఎవరికన్న ఒక్క మాట చెప్పాలె గద మామయ్యా!" అక్షర అరిచింది. "నేను నిన్నటి సంది నీళ్ళు, నీళ్ళు అని నెత్తి కొట్టుకుంటున్న. వరుణ్ బోరు నీళ్ళంటడు. మీరు చింతపండు దాస్తరు, ఆమె మగ్గు దాస్తది. ఈ ఇంట్ల అందరు మంచే చేస్తరు. ఒకరికొకరు చెప్పకుంట మంచి చేస్తరు. మంచి చేసి చేసే చంపుతరు!"

"హలో? ఉన్నారా?" అంది ఫోన్.

"ఉన్నం మేడం."

"రోజుకు రెండు, ఇన్ని రోజులు అంటే గురువారం దాకా ఆగొద్దు. ఇవాళే తీసుకురండి. రక్తం మళ్ళీ చూడాలి, సెలైన్ మొదలుపెట్టాలి. చేర్చుకుంటాం."

"మందు ఆపేస్తరా మేడం? గడ్డ కరుగుతున్నదన్నరు గదా."

"ముందు కిడ్నీలను చూడనివ్వండి. అవి కోలుకుంటేనే మిగతా మాట. వాంతి కాకపోతే దారిలో కొంచెం కొంచెంగా నీళ్ళు తాగిస్తూ తీసుకురండి."

ఫోన్ ఆగిపోయింది. రోడ్డు మీద షిఫ్టు బస్సు వచ్చి ఆగింది. పిల్లలు బిలబిలా దిగుతున్నారు. రోజులో బేరం బాగా జరిగే వేళ అది. కాశీనాథ్ ఎవరినీ అడక్కుండా కొక్కెం తీసుకుని షట్టరు సగం దించాడు. ఎన్ని జ్వరాలు వచ్చినా ఆ వేళకు షట్టరు దించనివ్వని కమల, ఇవాళ వద్దనలేదు.

ఆమె లేచింది. గోడ దాకా వెళ్ళి మేకు మీది తాళంచెవి తీసుకుంది. సగం దించిన షట్టరు కింద వంగి బయటకు వెళ్ళింది. ఎర్ర దారం చేతిలో ఊగుతుండగా, బస్సు దిగుతున్న వాళ్ళందరి మధ్య నుంచి రోడ్డు దాటింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరూ ఇళ్ళకు పోయే తొందరలో ఉన్నారు.

జయశీల ఆటోను పిలవడానికి పరుగెత్తింది. అక్షర భర్తకు ఫోన్ చేస్తూ ఒక చేత్తో కాగితాలు సర్దింది. రేకు డబ్బా ఇంకా చంకలోనే ఉంది.

కమల తిరిగి వచ్చేసరికి షట్టరు దగ్గర ఒక వెల్డింగ్ కుర్రాడు భుజం పట్టుకుని వంగి నిలబడ్డాడు.

"అమ్మా, దర్ద్ వాలీ గోలీ."

కమల అతని భుజం చూసింది. కోడలి చంకలోని డబ్బా చూసింది.

"ఖతం, బేటా."

"కల్ మిలేగీ?"

రేపటి సంగతి ఆ దుకాణంలో ఎవరికీ తెలియదు. కుర్రాడు కొంచెంసేపు చూసి, భుజం రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

కమల లోపలికి వచ్చి తాళంచెవిని మేకుకు తగిలించింది. ఎవరూ చెప్పకుండానే సీసా ఎత్తింది. కొన్ని నీళ్ళు బల్ల మీద పడ్డాయి. గ్లాసు నిండింది. ఆగకుండా, మధ్యలో ఊపిరి తీసుకోకుండా, అడుగు దాకా తాగింది.

తాగి, గ్లాసు దించి, భర్త వైపు చూసి ఆగింది.

ఆయన అక్కడే ఉన్నాడు. షట్టరు కొక్కెం పట్టుకుని, ఆమెనే చూస్తూ. పెదవులు కదిలాయి. మొదటి కొలతకు నోట్లోంచి దానంతటదే వచ్చే ఆ 'లాభం'.

రాలేదు.

బయట ఆటో హారన్ కొట్టింది. కమల ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని ఇంకా ఆయన వైపే చూస్తోంది.